పాన్‌లో తగ్గింది 12, పంటకు పోయింది 8.6: ఎండ నేలల్లో తడి లెక్క కట్టే పద్ధతి

మొదటి ఏడాది వేసవి వేరుశనగ నాకు ఒక్క గుణకం దగ్గర దెబ్బ కొట్టింది. ఆవిరి కొలిచే పాన్‌లో రోజుకు 12 మిల్లీమీటర్ల నీరు తగ్గుతోంది. ఊడలు దిగే దశలో పంట గుణకం, అంటే పంటకు పోయే నీటిని తేల్చడానికి హెచ్చవేసే అంకె, 1.15 అని చదివి ఉన్నాను. రెండూ హెచ్చవేస్తే 13.8 వచ్చింది. రోజుకు అంత నీరు పోతోందని నమ్మి, ఆ లెక్కనే ఎకరానికి తడులు కట్టాను. ఆకు లేత పసుపుకు తిరిగింది. అది నీళ్లు చాలక అనుకుని ఇంకాస్త పెట్టాను. కాయ ఊరే సమయానికి బోరు అలసిపోయింది. మోటారు పది నిమిషాలు నీళ్లు తోడితే ఐదు నిమిషాలు గాలి కక్కేది. చెట్టు పీకి చూస్తే కాయలు గుత్తులుగానే ఉన్నాయి, నొక్కితే మాత్రం సగం తాలు.

ఆ పంటకు నిజంగా కావాల్సింది రోజుకు 8.6 మిల్లీమీటర్లు. మిగతా ఐదింటిని వేర్లు దాటించి కిందికి పంపాను, వాటితో పాటు నేను వేసిన ఎరువును కూడా. అందుకే ఈ లెక్కను ఎక్కడా ఒక మెట్టు కూడా దాటేయకుండా, నా పొలం అంకెలతోనే చెబుతాను. మీ పంట వేరు కావచ్చు, నేల వేరు కావచ్చు. మెట్లు మాత్రం ఇవే.

పొలం నుంచి నీరు గాలిలోకి రెండు దారుల్లో పోతుంది. తడి మట్టి మీది నుంచి నేరుగా ఆవిరయ్యేది బాష్పీభవనం. వేరు పీల్చుకున్నది ఆకు రంధ్రాల గుండా ఆవిరిగా బయటికి వచ్చేది బాష్పోత్సేకం. పొలంలో ఈ రెంటినీ విడదీసి కొలవడం మన వల్ల కాదు. కాబట్టి కలిపి అంచనా వేస్తాం. ఇంగ్లీషులో దీని పేరు ఇవాపోట్రాన్స్‌పిరేషన్, పొట్టిగా అందరూ ‘ఈటీ’ అంటారు, నేనూ అదే వాడతాను. కొలత మిల్లీమీటర్లలో. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. ఎకరం మీద 4,047 లీటర్లు, హెక్టారు మీద 10,000 లీటర్లు. ఈ మూడంకెలు నోటికొస్తే సగం లెక్క వచ్చినట్టే.

పాన్ పెట్టడం

క్లాస్ ఎ పాన్ అంటే 120.7 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల లోతున్న గుండ్రటి జింకు పూత రేకు తొట్టి. నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున చెక్క చట్రం మీద, నీటిమట్టం అన్ని వైపులా సమంగా ఉండేలా కూర్చోబెట్టాలి. నీరు అంచుకు 5 సెంటీమీటర్ల కిందుండాలి, 7.5 దాటి దిగనివ్వకూడదు. మట్టం మరీ దిగితే గోడ నీడ నీటి మీద పడుతుంది, గాలి తగలదు, అంకె తప్పుతుంది. ఉండాల్సిన మట్టం కంటే 10 సెంటీమీటర్లు దిగనిస్తే తేడా 15 శాతం దాకా పోతుంది.

స్కేలు పెట్టి మిల్లీమీటర్లు చదవడం నాకు ఎప్పుడూ కుదరలేదు. నీరు కదులుతుంది, కన్ను మోసపోతుంది. అందుకని తొట్టి లోపల ఒక సన్నటి మేకును మొన పైకి వచ్చేలా అతికించాను. మొన అంచుకు సరిగ్గా 5 సెంటీమీటర్ల కింద ఉంటుంది. ప్రతిరోజూ ఉదయం ఏడింటికి కొలత జగ్గుతో నీళ్లు పోస్తాను. మొన నీటిని తాకేచోట చిన్న చుక్కలా మెరుస్తుంది, అది మునిగిన క్షణాన ఆపేస్తాను. ఎన్ని లీటర్లు పట్టిందో పుస్తకంలో రాస్తాను. ఈ తొట్టి వైశాల్యానికి ఒక మిల్లీమీటరు అంటే 1.144 లీటర్లు. మొన్న ఏప్రిల్‌లో ఒక ఉదయం 13.7 లీటర్లు పట్టింది. 13.7ను 1.144తో భాగిస్తే 12 మిల్లీమీటర్లు. పోసిన నీటిని కొలిస్తే కంటితో చదివినప్పటి పొరపాటు ఉండదు. వాన పడిన రోజు మాత్రం వానమాపకంలో పడ్డదాన్ని దీనికి కూడాలి.

ఎండ నేలల్లో చుట్టుపక్కల నీళ్లుండవు కనుక పిట్టలూ కుక్కలూ పాన్ దగ్గరికే వస్తాయి. ఒకరోజు అంకె ఒక్కసారిగా 16కి ఎగబాకింది. చట్రం చుట్టూ పాదముద్రలు చూశాకే కారణం తెలిసింది. జల్లెడ లాంటి తీగవల కప్పితే ఆ బెడద పోతుంది గానీ ఆవిరి 10 శాతం వరకు తగ్గుతుంది. వల కప్పితే ఆ సంగతి పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. వారానికోసారి నీళ్లు మార్చి పాచి తోమేయాలి. స్ప్రింక్లర్ జల్లు మాత్రం దాని మీద పడకూడదు.

నేను వదిలేసిన గుణకం

పాన్ పంట కాదు. దానికి ఆకు రంధ్రాలు లేవు, ఎండ తీవ్రమైతే మూసుకోదు. రేకు గోడలు పగలంతా వేడెక్కుతాయి, ఆ వేడితో రాత్రి కూడా నీరు ఆవిరవుతూనే ఉంటుంది. కాబట్టి పాన్ అంకెను ముందుగా పొట్టి పచ్చగడ్డి లెక్కలోకి దించాలి. 12 సెంటీమీటర్ల ఎత్తున, నీటి కొరత లేకుండా, నేలంతా కప్పి పెరుగుతున్న గడ్డి పోగొట్టే నీటిని ప్రమాణ ఈటీ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో తెచ్చిన 56వ నీటిపారుదల పత్రం లెక్కలన్నీ ఈ గడ్డి మీదే నిలబడ్డాయి.

పాన్‌ను ప్రమాణ ఈటీకి దించేదే పాన్ గుణకం. చాలామంది కళ్లు మూసుకుని 0.7 వేసేస్తారు. తేమ ఉన్న చోట అది పెద్దగా మోసం చేయదు. ఎండ నేలల్లో మాత్రం పాన్ ఎక్కడ కూర్చుందన్నదే అసలు విషయం. గాలి వచ్చే దిక్కున ఎండు బీడు ఉంటే ఆ నేల మీదుగా కాగి వచ్చిన గాలి పాన్‌లోని నీటిని మామూలు కంటే ఎక్కువగా ఆవిరి చేస్తుంది. ఆ ఎక్కువంతా గుణకంలో తగ్గించాలి. గాలిలో తేమ 40 శాతం లోపు, గాలి సెకనుకు 2 మీటర్ల లోపు ఉన్న చోట అంకెలు ఇలా నడుస్తాయి: పాన్‌కూ పైరుకూ మధ్య గాలివాటున 10 మీటర్ల ఎండు నేల ఉంటే 0.6, అది 100 మీటర్లైతే 0.55, కిలోమీటరైతే 0.5. అదే పాన్ పచ్చటి పొట్టి పైరు మధ్యలో ఉండి, గాలి వచ్చే వైపు 100 మీటర్ల పచ్చదనం ఉంటే 0.7. గాలి సెకనుకు 2 నుంచి 5 మీటర్ల మధ్య వీస్తే, ఎండు నేల వరసలోని అంకెల్లో మరో 0.05 తగ్గించండి.

నా పాన్ స్ప్రింక్లర్ జల్లుకు దూరంగా, గట్టు అవతల ఎండు నేలలో, పైరుకు పది మీటర్ల దూరాన ఉంది. కాబట్టి నా గుణకం 0.6. 12ను 0.6తో గుణిస్తే 7.2. మొదటి ఏడాది నేను వదిలేసింది ఈ ఒక్క మెట్టే.

పాన్ లేనివాళ్లకు ఉష్ణమాపకం చాలు. హార్‌గ్రీవ్స్, సమాని అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఇచ్చిన సూత్రం ఇది. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటుకు 17.8 కలపండి. గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేసి వర్గమూలం కట్టండి. ఈ రెంటినీ, మీ అక్షాంశానికి ఆ నెలలో వాతావరణం పైఅంచున పడే సూర్యశక్తినీ, 0.0023నూ హెచ్చవేయండి. ఆ సూర్యశక్తికి తయారు పట్టికలున్నాయి. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, మిల్లీమీటర్ల నీటిగా మార్చి చూస్తే, జనవరి నడుమ 10.9, ఏప్రిల్ నడుమ 15.5. గరిష్ఠం 40, కనిష్ఠం 24 ఉన్న ఏప్రిల్ రోజున సగటు 32, కలిపితే 49.8. తేడా 16, వర్గమూలం 4. అన్నీ హెచ్చవేస్తే 7.1. పాన్ చెప్పింది 7.2. మొదటిసారి ఈ రెండంకెలు పక్కపక్కన చూసినప్పుడే నాకు 0.6 మీద నమ్మకం కుదిరింది.

జనవరిలో 30, 14 అనుకోండి. తేడా అదే 16. అయినా ప్రమాణ ఈటీ 4.0 మాత్రమే. రెండు నెలలకూ ఒకే తడి షెడ్యూలు నడిపితే ఒక నెల ముంచేస్తాం, ఒక నెల ఎండగడతాం.

ఈ సూత్రంలో గాలి లెక్కకు రాదు. సెకనుకు 3 మీటర్లు దాటి వేడిగాలి వీచే రోజుల్లో ఇది తక్కువ చూపిస్తుంది, అప్పుడు నేను పాన్ మాటే వింటాను. ఉష్ణమాపకం ఎక్కడ వేలాడుతోందో కూడా చూడండి. రేకుల షెడ్డు పక్కనో బండ నేల మీదో ఉంటే, పైరు నిజంగా పీల్చే గాలి కంటే వేడి గాలిని అది కొలుస్తుంది.

గడ్డి నుంచి పంటకు

ప్రమాణ ఈటీని పంట గుణకంతో హెచ్చవేస్తే పంట ఈటీ వస్తుంది. వేరుశనగకు మొలక దశలో 0.4, పూత నుంచి కాయ ఊరే దాకా 1.15, కోతకు దగ్గరపడేసరికి 0.6. మధ్యలో పైరు నేలను కప్పుకునే నెల రోజులూ 0.4 నుంచి 1.15కి మెల్లగా ఎక్కించుకుంటూ పోవాలి. నేనైతే ఒక అడుగు వెడల్పు చట్రం పైరు మీద పెట్టి, పైనుంచి చూసి, ఎంత పాలు ఆకు కప్పిందో అంచనా వేస్తాను. సగం కప్పితే సగం దూరం ఎక్కించినట్టు. ఇది మోటు పద్ధతే, పొలానికి సరిపోతుంది.

మొలక దశ 0.4ను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అప్పుడు పోయే నీటిలో ఎక్కువ భాగం బోసి మట్టి మీది నుంచి పోయేదే. ఎన్నిసార్లు నేల పైపొరను తడిపితే అన్నిసార్లు అది ఆవిరవుతుంది. తరచుగా చిన్న తడులిస్తే ఆ గుణకం రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. గింజ మొలిచాక కొన్నాళ్లు తడి ఎడం పెంచితే వేరూ లోతుకు దిగుతుంది.

పట్టికల్లోని 1.15 మధ్యాహ్నపు కనిష్ఠ తేమ 45 శాతం, గాలి సెకనుకు 2 మీటర్లు ఉన్న చోటికి కట్టిన అంకె. ఎండ నేలల్లో అది చాలదు. గాలి 2 మీటర్ల కంటే ఎంత ఎక్కువుంటే దాన్ని 0.04తో, తేమ 45 కంటే ఎంత తక్కువుంటే దాన్ని 0.004తో గుణించి రెండూ కూడండి. వచ్చినదాన్ని పైరు ఎత్తుకు తగ్గట్టు తగ్గించాలి. 40 సెంటీమీటర్ల వేరుశనగకు దాన్ని 0.55తో గుణిస్తే చాలు, నిలువెత్తు మొక్కజొన్నకైతే దాదాపు 0.9. మా దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేమ 20 శాతం, గాలి 2 మీటర్లు. 25 తక్కువ కాబట్టి 0.1, దాన్ని 0.55తో గుణిస్తే 0.055. అంటే గుణకం 1.2. పంట ఈటీ 7.2 ఇంటూ 1.2, దాదాపు 8.6. ఎకరానికి రోజుకు ఇంచుమించు 35,000 లీటర్లు.

ఎన్ని రోజులకు ఒక తడి

ఇది నేలను అడగాల్సిన ప్రశ్న. మాది ఇసుక పాలు ఎక్కువున్న గరప. మీటరు లోతుకు పంటకు అందే నీరు దాదాపు 120 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. వట్టి ఇసుకైతే 50 నుంచి 110, మంచి గరపైతే 130 నుంచి 180. వేరుశనగ వేరు ఆ దశలో బాగా పనిచేసేది అర మీటరు లోతులో. అంటే నా ఖాతాలో 60 మిల్లీమీటర్లు.

అందులో ఎంత వాడుకునే వరకు పంట బెట్టకు రాదు? పట్టికలు వేరుశనగకు సగం అంటాయి. ఆ సగం రోజుకు 5 మిల్లీమీటర్లు తాగే వాతావరణానికి. ఎండ పెరిగేకొద్దీ ఆకు అడిగే వేగానికి వేరు అందించలేదు, నేలలో నీరు ఇంకా ఉండగానే పంట బెట్టకు వస్తుంది. 5 పైన ఎక్కిన ప్రతి మిల్లీమీటరుకూ 0.04 తగ్గించాలి. 8.6కి వచ్చేసరికి 0.5 కాస్తా 0.35 అవుతుంది. 60లో 0.35 అంటే 21 మిల్లీమీటర్లు. 8.6 చొప్పున రెండు రోజులకు 17.3 ఖర్చవుతుంది, మూడో రోజు దాటితే 26. కాబట్టి ఏప్రిల్‌లో నాది రెండు రోజులకో తడి. సగం అనే అంకెనే పట్టుకుని ఉంటే మూడు రోజులు ధీమాగా ఆగేదాన్ని.

పక్క పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి, “మొన్ననేగా కట్టావు, మళ్లీ తడేంటమ్మా? వారానికోసారి బాగా ముంచితే పోలా?” అన్నారు. “మన నేల వారానికి సరిపడా పట్టుకోలేదు బాబాయ్. ముంచిన నీళ్లు కిందికి పోతాయి, నాలుగో రోజు నుంచి చెట్టు ఆకలితో ఉంటుంది” అని పలుగుతో తవ్వి చూపించాను. జనవరిలో, మొలక దశలో అయితే ఆయన మాటే నిజం. వేరు 20 సెంటీమీటర్లే అయినా రోజుకు పోయేది 1.6 మిల్లీమీటర్లు, తొమ్మిది రోజులు ఆగినా ఏమీ కాదు.

పుస్తకంలో నాకు నాలుగు గడులే ఉంటాయి: తేదీ, పంట ఈటీ, పడ్డ వాన, మిగిలిన లోటు. తడి పెట్టిన రోజు లోటు సున్నా. రోజూ ఈటీ కలుపుతాను, వాన తీసేస్తాను. ప్రమాణ ఈటీలో ఐదో వంతు లోపు పడిన జల్లును, ఏప్రిల్‌లో అయితే 1.4 మిల్లీమీటర్ల లోపును, లెక్కలోకి తీసుకోను. అది ఆకు మీదే ఆరిపోతుంది.

మోటారు గంటల్లోకి

రెండు రోజుల లోటు 17.3 మిల్లీమీటర్లు, ఎకరానికి దాదాపు 70,000 లీటర్లు. స్ప్రింక్లర్‌తో పంటకు చేరేది ముప్పావు వంతు అనుకుంటే తోడాల్సింది 93,000. డ్రిప్‌కు 90 శాతం, బోదెల్లో పారిస్తే 60 శాతం దగ్గర వేసుకోవచ్చు. మోటారు ఎంత పోస్తోందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. నాది 40 సెకన్లలో నిండుతుంది, గంటకు 18,000 లీటర్లు. అంటే ఐదు గంటల పది నిమిషాలు. వేసవి ముదిరాక డ్రమ్ము పరీక్ష మళ్లీ చేయాలి, బోరు మట్టం దిగితే 40 సెకన్లు 55 అవుతాయి.

స్ప్రింక్లర్ల మధ్య ఒకే కొలత డబ్బాలు పదో పన్నెండో వరసగా పెట్టి గంట నడిపి చూడండి. మధ్యాహ్నం గాలిలో నడిపినప్పుడు ఒక డబ్బాలో పడిన నీరు పక్క డబ్బాలో సగం కూడా లేదు. అప్పటి నుంచి తెల్లవారుజామునే నడుపుతున్నాను.

బోరు నీటిలో ఉప్పుంటే మరికొంత కలపాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు వేరు దగ్గరే పేరుకుంటుంది. వేరుశనగ నేల ఉప్పును మీటరుకు 3.2 డెసీసీమెన్స్ (కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పును కొలిచే ప్రమాణం) వరకు ఓర్చుకుంటుంది. దాన్ని 5తో హెచ్చవేసి, మీ నీటి ఉప్పును తీసేసి, ఆ మొత్తంతో నీటి ఉప్పును భాగించండి. నా నీరు 1.5, కాబట్టి 14.5తో భాగిస్తే 0.10. లోటును 0.9తో భాగించి తడి పెట్టాలి. ఆ అదనపు నీటిని ప్రతి తడికీ కాకుండా నాలుగైదు తడులకోసారి కలిపి పెట్టి ఉప్పును కిందికి కడుగుతాను.

చేత్తో సరిచూసుకోవడం

లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా అది అంచనాయే. తడి పెట్టిన మర్నాడు ఇనుప చువ్వ గుచ్చుతాను. తడిసిన మట్టిలో జారినట్టు దిగి, పొడి పొర తగలగానే ఆగుతుంది. అర మీటరు దగ్గర ఆగితే లెక్క సరే. మీటరు దాకా దిగిపోతే ఎక్కువ పెట్టినట్టు. తడికి ముందురోజు 30 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాను. ఉండ కట్టి, విసిరి పట్టుకుంటే విడిపోవాలి. ఉండే కట్టకపోతే ఆలస్యమైంది. నొక్కితే చేతికి తడి అంటితే తొందరపడ్డాను. రెండుసార్లు వరసగా ఒకే వైపు తప్పితే పాన్ గుణకాన్ని 0.05 మారుస్తాను, పంట గుణకాన్ని ముట్టుకోను. నా అనుభవంలో తప్పు ఎక్కువగా పాన్ చుట్టుపక్కల నేల దగ్గరే దొరికింది.

పైరును చూసి తడి పెట్టేవాళ్లకు వేరుశనగ విషయంలో ఒక మాట. మధ్యాహ్నం ఆకు ముడుచుకోవడం ఎండ నుంచి కాచుకోవడమే కావచ్చు, నీళ్లున్నా ముడుస్తుంది. సాయంత్రం చీకటి పడితే ఎలాగూ ముడుచుకుంటుంది. సూర్యుడు వచ్చిన గంటకు, ఇంకా చల్లగా ఉండగా చూడండి. అప్పుడు కూడా ఆకు విచ్చుకోకుండా నల్లబడినట్టు ముదురుగా ఉంటే అది బెట్ట.

పొలం అంచుల్లో, ముఖ్యంగా గాలి కొట్టే వైపు నాలుగైదు సాళ్లు ముందుగా బెట్టకు వస్తాయి. బీడు మీదుగా వచ్చిన వేడిగాలి తాకేది వాటినే. ఆ సాళ్లను చూసి పొలమంతటికీ తడి పెంచొద్దు. నేను ఆ వైపు రెండు వరసలు జొన్న వేసి గాలికి అడ్డం పెట్టాను, గట్టు పక్క స్ప్రింక్లర్లు మాత్రం అరగంట ఎక్కువ నడుపుతాను.

కాయ ముదిరేటప్పుడు రోజూ రెండు చెట్లు పీకి, కాయ ఒలిచి, పెంకు లోపల చూస్తాను. తెల్లగా ఉన్నది గోధుమ రంగుకు తిరగడం మొదలయ్యాక గుణకం 0.6కి దించేస్తాను, తడి ఎడం పెంచుతాను. ఎక్కువ కాయల్లో పెంకు లోపల నల్లటి మచ్చలు వచ్చేసరికి ఒకే ఒక్క తడి మిగులుతుంది. అది పంట తాగడానికి కాదు, కాయ భూమిలో తెగిపోకుండా చెట్టు సులువుగా ఊడి రావడానికి. ఆ తడి పెట్టిన సాయంత్రమే పాన్‌లో నీళ్లు ఒంపేసి, పాచి తోమి, చెక్క చట్రం మీద బోర్లిస్తాను.